మాయను కూడా పరీక్ష చేయించాలి

బిడ్డ కడుపులోనే చనిపోయి పుట్టినప్పుడు లేబర్ రూమ్ బయట మొదట వినిపించే మాట, "గ్రహణం నాడు బయటికి వెళ్లింది, అందుకే!" అని. ఏడుస్తున్న తల్లి చెవిన పడేలా అంటారు. దయచేసి అనకండి. అసలు కారణం చాలాసార్లు మాయలో దొరుకుతుంది.

నెలలు నిండిన మాయ సుమారు అర కిలో ఉంటుంది. తల్లి రక్తంలోని ఆహారం, ప్రాణవాయువు బిడ్డకు అందేది దీని ద్వారానే. తల్లికి బి.పి. పెరిగితే మాయలో కొంత భాగానికి రక్తం అందక చచ్చుబడుతుంది. కాన్పుకు ముందే మాయ విడిపోతే దాని వెనుక రక్తపు గడ్డ కనిపిస్తుంది. ఉమ్మనీటికి ఇన్‌ఫెక్షన్ సోకితే పొరల్లో తెలుస్తుంది. పాథాలజీ డాక్టరు మాయను తూచి, బొడ్డుతాడులో మూడు రక్తనాళాలూ ఉన్నాయో లేదో చూసి, చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది.

మాయను పెరట్లో పాతిపెట్టడం మన ఇళ్లలో ఆచారమే, మా అమ్మా చేసింది. కానీ ఇలాంటి కాన్పులో ఇంటికి తీసుకుపోయే ముందు, పరీక్షకు పంపాలా అని డాక్టరును అడగండి. పాతిన తరువాత అడిగితే మేమేమీ చేయలేము.

కొన్నిసార్లు ఏ కారణమూ తేలదు. అయినా రిపోర్టు పారేయవద్దు. మళ్లీ నెల తప్పగానే, మూడో నెల నిండకముందే, అది పట్టుకుని రండి. బి.పి. వల్ల జరిగిందని తెలిస్తే డాక్టరు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాయవచ్చు. షాపులో మీరే కొని వేసుకోవద్దు.