ఆ ఆంక్ష ఏ సెక్షన్ కింద?

2020లో దేశంలో ఎమర్జెన్సీ పెట్టలేదు. కరోనా లాక్‌డౌన్‌నూ 1975 నాటి ఎమర్జెన్సీనీ ఒకే గాటన కట్టడం లా చదివే విద్యార్థికి తగని పని. రాజ్యాంగంలోని 352వ అధికరణ కింద ఎమర్జెన్సీ విధించాలంటే యుద్ధమో, విదేశీ దురాక్రమణో, సాయుధ తిరుగుబాటో ఉండాలి. రోగం ఆ జాబితాలో లేదు. అందుకే మార్చి 24న కేంద్ర హోంశాఖ 21 రోజుల లాక్‌డౌన్ ఉత్తర్వును 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చింది. రాష్ట్రాలేమో 1897 నాటి అంటువ్యాధుల చట్టం దుమ్ము దులిపాయి.

ఈ పాత చట్టం దగ్గర కాస్త ఆగాలి. బొంబాయి ప్లేగు కాలంలో తెల్లదొరలు హడావిడిగా చేసిన చట్టమిది. మొదట్లో ఉన్నవి నాలుగే సెక్షన్లు. రెండోది ప్రభుత్వం అవసరమనుకున్న తాత్కాలిక నిబంధనలు పెట్టుకోనిస్తుంది. నాలుగోది సద్భావంతో పనిచేసిన అధికారి మీద దావా వేయనివ్వదు. ఆ నిబంధనలు ఎన్నాళ్లుండాలి, నష్టపోయినవాడు ఎవరికి మొరపెట్టుకోవాలి అన్న ఊసే లేదు. పుణెలో సైనికులు ఇళ్లలో జొరబడి ప్లేగు సోదాలు చేశారు. జనం ఉడికిపోయారు. 1897 జూన్‌లో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. రోగం నిజమే, కట్టడి అవసరమూ నిజమే. కానీ ప్లేగు మీద పోరు కాస్తా ప్రభుత్వం మీద పోరుగా మారింది.

ఎమర్జెన్సీ లేదు కనుక 2020లో హక్కుల అమలు ఆగలేదు. ఫలానా ఆంక్షకు చట్టంలో ఆధారమెక్కడని కోర్టులో నిలదీయవచ్చు. గుజరాత్ ప్రభుత్వం కరోనాను సాకుగా చూపి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం లేకుండా ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటల పనికి అనుమతిచ్చింది. అలాంటి మినహాయింపుకు అప్పటి ఫ్యాక్టరీల చట్టం కోరింది దేశభద్రతకే ముప్పు. ఆర్థిక మందగమనం ఆ కోవలోకి రాదంటూ అక్టోబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మన దగ్గరి ఉదాహరణ 2021 మేలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు రోగులను తెస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపారు. పడకలు చాలవన్న ప్రభుత్వ వాదన తీసిపారేయదగ్గది కాదు. కానీ ఆక్సిజన్ అందక ఆయాసపడుతున్న మనిషిని అనుమతి పత్రం కోసం చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టడం ఏ లెక్కన వైద్యం? ముందస్తు అనుమతి కావాలన్న ఉత్తర్వును మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది.

టీకా సంగతికి జేకబ్ పులియెల్ కేసులో 2022 మే 2 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూడాలి. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదంటూనే, ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని కోర్టు చెప్పింది. కాలేజీ చర్చలో మాట్లాడేముందు చదవాల్సింది ఆ తీర్పును, దాని మీద వచ్చిన హెడ్డింగులను కాదు.