శాస్త్ర చింతనలో మౌలిక పరివర్తన: వరి సుడిదోమ చరిత్ర నేర్పే పాఠం

సారాంశం

శాస్త్రజ్ఞానం ఇటుక మీద ఇటుక పేర్చిన గోడలా నిరంతరం పెరుగుతుందనే అభిప్రాయం సర్వసాధారణం. కొన్ని సందర్భాలలో శాస్త్రం తన పునాదినే మార్చుకొంటుందని థామస్ కూన్ 1962లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనను వరిలో సుడిదోమ పునరుజ్జృంభణ చరిత్రకు అన్వయించి, సస్యరక్షణ శాస్త్రంలో ప్రశ్నలు, కొలమానాలు, సిఫారసులు ఏ విధంగా మారాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మార్పు ఎంతవరకు పూర్తయిందనే ప్రశ్నను, విస్తరణ శాస్త్రవేత్త పాత్రను చివరి భాగాలలో చర్చించడమైనది.

1. ఉపోద్ఘాతం

వ్యవసాయ విద్యార్థి తన చదువులో వందలాది సిఫారసులను నేర్చుకొంటాడు. ఏ పురుగుకు ఏ మందు, ఎంత మోతాదులో, ఏ దశలో వాడాలో కంఠస్థం చేస్తాడు. అయితే ఆ సిఫారసు ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో, అంతకు ముందున్న సిఫారసు ఎందుకు తొలగిపోయిందో అతనికి తెలిసే అవకాశం తక్కువ. పాఠ్యపుస్తకాలు శాస్త్ర విప్లవాలను కనబడకుండా చేస్తాయని, గతమంతా వర్తమానం వైపే నడిచినట్లు చిత్రిస్తాయని కూన్ ప్రత్యేకంగా పేర్కొన్నారు. సిఫారసును రైతు వద్దకు చేర్చే వ్యక్తికి ఈ చరిత్ర తెలియకపోతే, సిఫారసు విఫలమైన రోజున ఆ వైఫల్యాన్ని అర్థం చేసుకొనే మార్గం అతని వద్ద ఉండదు.

2. భావనాచట్రం అంటే ఏమిటి?

భౌతికశాస్త్రంలో శిక్షణ పొంది, శాస్త్ర చరిత్ర అధ్యయనం వైపు మరలిన కూన్, 'శాస్త్ర విప్లవాల నిర్మాణం' అనే గ్రంథంలో 'పారడైమ్' అనే మాటకు కొత్త ప్రాచుర్యం కల్పించారు. దీనిని తెలుగులో భావనాచట్రం అనవచ్చు. ఒక శాస్త్ర సమాజం ఉమ్మడిగా అంగీకరించిన సిద్ధాంతాలు, పద్ధతులు, విలువలు, ఆదర్శప్రాయమైన పరిష్కారాలు అన్నీ కలిసి ఈ చట్రం ఏర్పడుతుంది. ఏ ప్రశ్న అడగదగినది, ఏది కొలవదగినది, ఏది సరైన సమాధానం అన్న విషయాలను ఈ చట్రమే నిర్ణయిస్తుంది.

చట్రం స్థిరపడిన కాలంలో జరిగే పరిశోధనను కూన్ 'సాధారణ శాస్త్రం' అన్నారు. ఈ దశలో శాస్త్రవేత్త చట్రాన్ని ప్రశ్నించడు. దాని లోపలి చిక్కుముడులను విప్పుతాడు. ఇది లోపం కాదు. అందరూ ప్రతిరోజూ పునాదులను తవ్వుతూ కూర్చుంటే లోతైన పరిశోధన సాగదు. కాని చిక్కుముడులను విప్పే క్రమంలోనే చట్రానికి ఒదగని ఫలితాలు, అంటే అసంగతాలు, ఎదురవుతాయి. తొలుత వాటిని ప్రయోగ దోషాలుగానో, మినహాయింపులుగానో పక్కన పెడతారు. అవి పెరిగి, కీలక స్థానాలను తాకినప్పుడు సంక్షోభం ఏర్పడుతుంది. మరింత మెరుగైన చట్రం లభించినప్పుడే పాతదానిని విడిచిపెట్టడం జరుగుతుంది. ప్రత్యామ్నాయం లేకుండా కేవలం అసంగతాల వల్ల ఏ చట్రమూ కూలదన్నది కూన్ వాదనలో ముఖ్యమైన అంశం.

3. పాత చట్రం: పురుగును చంపితే పంట దక్కుతుంది

డి.డి.టి.కి కీటకాలను చంపే గుణం ఉన్నదని పాల్ ముల్లర్ 1939లో కనుగొన్నారు. అందుకు ఆయనకు 1948లో నోబెల్ బహుమతి లభించింది. టైఫస్, మలేరియా వంటి వ్యాధుల నివారణలో ఆ రసాయనం సాధించిన విజయం అసాధారణమైనది. దాని వెంట వచ్చిన ఇతర రసాయనాలు పంట పొలాల్లోనూ కళ్ళెదుటే ఫలితాన్ని చూపాయి. ఈ విజయాల నుంచి ఏర్పడిన చట్రం చాలా సరళమైనది: పురుగు ఉంటే నష్టం ఉంటుంది, పురుగును చంపితే పంట దక్కుతుంది, ఎంత ఎక్కువ శాతం చనిపోతే అంత మేలు.

ఈ చట్రంలో పరిశోధకుని పని స్పష్టంగా ఉండేది. కొత్త రసాయనాన్ని చిన్న మడులలో చల్లి, కొన్ని రోజుల తరువాత చనిపోయిన పురుగుల శాతాన్ని లెక్కించి, మోతాదును నిర్ణయించడం ప్రామాణిక ప్రయోగం. పురుగు కనిపించని శుభ్రమైన పొలం ఆదర్శం. మన భాషలో కూడా ఈ చట్రం బలంగా నాటుకొన్నది. కీటకాలను చంపే విషాన్ని 'పురుగుమందు' అంటున్నాము. మందు అన్న తరువాత పొలం రోగి అవుతుంది, రోగికి మందు ఇవ్వకపోవడం నిర్లక్ష్యమవుతుంది. 'ఏ మందు కొట్టాలి?' అన్న రైతు ప్రశ్న ఈ చట్రం లోపల పూర్తిగా తర్కబద్ధమైనదే.

4. ఒదగని వాస్తవాలు

అసంగతాలు ఆలస్యంగా వచ్చినవేమీ కావు. పండ్ల తోటలను ఆశించే సాన్‌హోసే పొలుసు పురుగు సున్నం-గంధకం ద్రావణానికి లొంగకపోవడాన్ని మెలాండర్ 1914లోనే ప్రకటించారు. కాలిఫోర్నియా నిమ్మజాతి తోటలలో 1888-89లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన రొడోలియా అనే అక్షింతల పురుగు, తెల్లని దూదివంటి పొలుసు పురుగును అదుపు చేసింది. 1940ల చివరలో అక్కడ డి.డి.టి. వాడగానే అక్షింతల పురుగు నశించి, దశాబ్దాలుగా అణగి ఉన్న పొలుసు పురుగు తిరిగి విజృంభించింది. ఇటువంటి ఉదాహరణలు తెలిసినప్పటికీ, వాటికి చట్రం లోపలే జవాబు వెతికారు. ఒక రసాయనం పనిచేయకపోతే మోతాదు పెంచడం, అప్పటికీ పనిచేయకపోతే మరొక రసాయనానికి మారడం ఆనవాయితీ అయింది.

వరిలో ఈ అసంగతం సుడిదోమ రూపంలో తీవ్రమైంది. ఉష్ణమండల ఆసియాలో 1960ల వరకు ఇది ప్రధాన పురుగు కాదు. 1966లో ఐ.ఆర్. 8 విడుదలైన తరువాత పొట్టి రకాలు, అధిక నత్రజని, దగ్గర నాట్లు, ఏడాది పొడవునా వరి, దానితో పాటు క్రమం తప్పని పిచికారీలు వ్యాపించాయి. 1970లలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, వియత్నాంలలోను, 1973-74లో కేరళలోను సుడిదోమ వినాశకరంగా విరుచుకుపడింది. పొలంలో వలయాకారంలో పైరు ఎండిపోయే 'సుడి' మచ్చలు ఈ పురుగు పేరుకే ఆధారమయ్యాయి.

తొలి ప్రతిస్పందన చట్రానికి లోబడే జరిగింది. భారతీయ దేశవాళీ రకం ముడ్గోలో గుర్తించిన నిరోధక జన్యువుతో 1973లో ఐ.ఆర్. 26 విడుదలైంది. రెండు మూడేళ్ళలోనే దానిని తట్టుకొనే జీవరూపం పుట్టింది. 1976లో మరొక జన్యువుతో ఐ.ఆర్. 36 వచ్చింది. అది ఎక్కువ కాలం నిలబడినప్పటికీ, రకం, పురుగుల మధ్య పరుగు పందెం ఆగలేదు.

5. ప్రశ్న మారిన తీరు

అసలు వింత మరొకచోట ఉన్నది. మందు చల్లని పొలాల కన్నా చల్లిన పొలాల్లోనే సుడిదోమ ఎక్కువగా కనిపించసాగింది. పాత చట్రంలో ఇది అర్థం లేని ఫలితం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చెల్లయ్య, హైన్‌రిక్స్ 1980లో ప్రకటించిన అధ్యయనాలు కొన్ని కీటకనాశనులు సుడిదోమ పునరుజ్జృంభణకు దారితీస్తాయని నిరూపించాయి. డెల్టామెత్రిన్, మిథైల్ పరాథియాన్ వంటివి వాటిలో ఉన్నాయి. సహజ శత్రువుల నాశనంతో పాటు, పురుగు సంతానోత్పత్తి పెరగడం కూడా కారణమని వారు గుర్తించారు. దాదాపు అదే కాలంలో పీటర్ కెన్‌మోర్ ఫిలిప్పీన్స్ పొలాల్లో పరిశోధించి, మందు చల్లని వరిలో సాలీళ్ళు, మిరిడ్ నల్లులు మొదలైనవి సుడిదోమను అదుపులో ఉంచుతున్నాయని చూపారు.

ఇందులోని యంత్రాంగం సులభంగా బోధపడుతుంది. సుడిదోమ తన గుడ్లను ఆకుతొడిమల కణజాలంలోకి చొప్పిస్తుంది. పిచికారీ పెద్ద పురుగులను చంపినా, గుడ్లను చేరదు. అదే పిచికారీ నీటిపైన, దుబ్బుల మొదళ్ళలో తిరిగే లైకోసా సాలీళ్ళను, గుడ్లను పీల్చివేసే మిరిడ్ నల్లులను తుడిచిపెడుతుంది. కొద్ది రోజుల తరువాత పిల్లపురుగులు వెలువడేసరికి వాటిని తినే జీవి పొలంలో ఉండదు. సహజ శత్రువులు తిరిగి కుదురుకోవడానికి పట్టే కాలంలో దోమ సంఖ్య హద్దు దాటుతుంది.

ఇక్కడ కొత్త సమాచారం ఒక్కటే చేరలేదు. ప్రశ్న కూడా మారింది. 'ఈ పురుగును ఎలా చంపాలి?' అనే ప్రశ్న స్థానంలో 'ఈ పురుగు ప్రతి పొలంలోను, ప్రతి కారులోను ఎందుకు విజృంభించడం లేదు?' అనే ప్రశ్న వచ్చింది. ఒకే బొమ్మ ఒకసారి బాతుగాను, మరోసారి కుందేలుగాను కనబడే ఉదాహరణను కూన్ ప్రస్తావించారు. వరి దుబ్బుపైనున్న సాలీడు విషయంలోనూ అదే జరిగింది. ఒక చట్రంలో అది లెక్కలోకి రాని ప్రాణి. మరొక చట్రంలో అది పంట ఆరోగ్యానికి సూచిక.

6. కొలమానాలు, ప్రయోగాలు

చట్రం మారినప్పుడు కొలిచే వస్తువు కూడా మారుతుంది. చనిపోయిన పురుగుల శాతం ఏడవ రోజున అద్భుతంగా ఉండి, నలభయ్యవ రోజున పొలం ఎండిపోవచ్చు. అందువల్ల కొత్త చట్రంలో కారు పొడవునా పురుగుల, మిత్రపురుగుల సంఖ్యలను, వాటి నిష్పత్తిని నమోదు చేయవలసి వచ్చింది. చిన్న మడుల ప్రయోగం కూడా ప్రశ్నార్థకమైంది. ఒక మడి నుంచి మరొక మడికి కీటకాలు సులభంగా తరలుతాయి, పిచికారీ తుంపరలు గాలికి కొట్టుకుపోతాయి. అందువల్ల మందు చల్లని మడి నిజమైన పోలికగా నిలవకపోవచ్చు. పాత ప్రయోగ నమూనాలోనే పాత సమాధానం దాగి ఉండటం విద్యార్థులు గమనించదగిన విషయం.

1996లో సెటిల్, సహచరులు జావా పొలాలపై ప్రకటించిన అధ్యయనం ఈ చట్రాన్ని మరింత విస్తరించింది. కారు ఆరంభంలో, వరి పురుగులు ఇంకా రాకముందే, కుళ్ళే సేంద్రియ పదార్థాన్ని, నీటిలోని సూక్ష్మజీవులను తిని బ్రతికే చిన్న కీటకాలు పొలంలో సమృద్ధిగా ఉంటాయి. సాలీళ్ళు మొదలైన పరభక్షకాలు వీటిని తిని ముందుగానే వృద్ధి చెందుతాయి. అంటే సేంద్రియ ఎరువు, తొలి పిచికారీ మానడం అనేవి కూడా సస్యరక్షణ చర్యలే. నేల శాస్త్రం, కీటక శాస్త్రం వేర్వేరు గదుల్లో ఉన్నంతకాలం ఈ సంబంధం కనబడే వీలు లేదు.

7. శాస్త్రం నుంచి విధానానికి

నష్టం కలిగించే స్థాయికి పురుగు చేరబోయినప్పుడే రసాయనాన్ని వాడాలనే ఆర్థిక నష్ట పరిమితి భావనను స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగెన్ 1959లోనే కాలిఫోర్నియాలో ప్రతిపాదించారు. అది ఆసియా వరి విధానంలో స్థానం పొందడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన ఇండోనేషియాను రెండేళ్ళలోనే సుడిదోమ మళ్ళీ బెదిరించింది. 1986 నవంబరులో అధ్యక్షుని ఉత్తర్వు ద్వారా 57 కీటకనాశనులను వరిపై వాడకుండా నిషేధించారు. కీటకనాశనులపై ఇచ్చే భారీ రాయితీని 1989 నాటికి తొలగించారు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. కీటకనాశనుల వాడకం బాగా తగ్గినా, వరి ఉత్పత్తి పడిపోలేదు.

తెలుగు నేల అనుభవం కూడా ఇందుకు సమీపంగానే ఉన్నది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో సింథటిక్ పైరిథ్రాయిడ్ల మితిమీరిన వాడకంతో తెల్లదోమ విజృంభించి రైతులను అప్పులపాలు చేసింది. వరిలో మారుటేరు పరిశోధనా స్థానం అందించిన చైతన్య, కృష్ణవేణి, వజ్రం వంటి దోమను తట్టుకొనే రకాలు, ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు, నత్రజని నియంత్రణ, పొలాన్ని అప్పుడప్పుడు ఆరబెట్టడం వంటి సిఫారసులు నేడు మనకు సుపరిచితం. పొలంబడి కార్యక్రమంలో మిత్రపురుగుల లెక్కింపు కొత్త చట్రానికి చెందినదే.

8. పరివర్తన పూర్తయిందా?

ఈ ప్రశ్నకు అవునని చెప్పడం కష్టం. సమగ్ర సస్యరక్షణ పాఠ్యాంశమై నాలుగు దశాబ్దాలు గడిచినా, ఆచరణలో చాలా చోట్ల అది 'పరిమితి స్థాయి దాటితే మందు చల్లండి' అనే ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. మిత్రపురుగులు పోస్టరులో ఉంటాయి, సిఫారసు మాత్రం మందు పేరుతో ముగుస్తుంది. కొత్త పదజాలాన్ని పాత చట్రం తనలో కలుపుకోగలదనడానికి ఇది ఉదాహరణ. 2000ల తొలి సంవత్సరాలలో ఆసియా అంతటా సుడిదోమ ఇమిడాక్లోప్రిడ్‌కు నిరోధకతను పెంచుకొన్నప్పుడు కూడా, చాలా వరకు వెతికింది తరువాతి రసాయనాన్నే.

కూన్ సిద్ధాంతానికి గల పరిమితిని కూడా ఇక్కడ గుర్తించాలి. ఆయన ప్రధానంగా భౌతిక, రసాయన, ఖగోళ శాస్త్రాలను దృష్టిలో ఉంచుకొన్నారు. ఆ రంగాలలో చట్రాన్ని అంగీకరించేది శాస్త్ర సమాజం. వ్యవసాయంలో రాయితీలు, అప్పు ఇచ్చే దుకాణదారు, కౌలు గడువు, కూలీల కొరత కూడా చట్రాన్ని నిలబెడతాయి. ఇండోనేషియాలో కెన్‌మోర్ తరహా పరిశోధనలకు రాయితీల తొలగింపు తోడు కాకపోతే ఫలితం వేరుగా ఉండేది. పైగా ప్రతి కొత్త పద్ధతినీ 'పారడైమ్ మార్పు' అని పిలవడం ఆ భావనను పలుచన చేస్తుంది. ఒక మందు స్థానంలో మరొక మందు వస్తే అది చట్రం మార్పు కాదు. జీవనియంత్రణ కారకాన్ని కూడా సీసాలో పోసి, క్యాలెండరు ప్రకారం చల్లితే చట్రం మారనట్లే.

9. విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత

అసంగతాలు ముందుగా కనిపించేది ప్రయోగశాలలో కాదు, రైతు పొలంలో. 'మీరు చెప్పిన మందే కొట్టాను, దోమ ఇంకా పెరిగింది' అన్న మాట విన్నప్పుడు, మందు కల్తీ అయి ఉండాలనో, మోతాదు తప్పి ఉండాలనో అనుకోవడం సహజం. తరచుగా అది నిజం కూడా కావచ్చు. ఒకరి అనుభవం సిద్ధాంతాన్ని కూల్చదు. కాని అదే మాట పలు గ్రామాల నుంచి వచ్చినప్పుడు పిచికారీ తేదీ, రసాయనం, రకం, నత్రజని మోతాదు, పిచికారీకి ముందు, తరువాత దుబ్బుకు ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్ళు, ఎన్ని మిరిడ్ నల్లులు ఉన్నాయో నమోదు చేయడం అవసరం. పక్కనే మందు చల్లని పొలం ఉంటే దానిని పోల్చడం మరింత ఉపయుక్తం. ఈ నమోదు లేకపోతే అసంగతం ఫిర్యాదుగానే మిగిలిపోతుంది. నమోదు ఉంటే అది పరిశోధనా ప్రశ్న అవుతుంది.

విద్యార్థులు తాము చదివే ప్రతి సిఫారసు విషయంలో అది ఏ ప్రశ్నకు సమాధానమో, ఏ కొలమానంతో సరైనదని తేలిందో అడిగి తెలుసుకోవాలి. నేటి చట్రానికి కూడా ఒదగని వాస్తవాలు ఉంటాయి. మిత్రపురుగులు సమృద్ధిగా ఉన్నా దోమ పెరిగిన పొలాలు, వలస వచ్చే దోమ గుంపులు, మారుతున్న వాతావరణం సమగ్ర సస్యరక్షణను కూడా పరీక్షిస్తాయి.

10. ముగింపు

సుడిదోమ చరిత్రలో పాత తరం శాస్త్రవేత్తలు అజ్ఞానులు కారు. వారి చట్రం వారి కాలంలో గొప్ప విజయాలు సాధించింది కనుకనే దాని వైఫల్యాన్ని చూడటం అంత కష్టమైంది. శాస్త్రం తనను తాను సరిదిద్దుకొంటుందన్న మాట నిజమే, కాని ఆ సరిదిద్దుకోవడానికి పట్టిన ప్రతి సంవత్సరానికి మూల్యం చెల్లించింది రైతు. ఆ కాలవ్యవధిని తగ్గించగల స్థానంలో ఉన్నవారు విస్తరణ శాస్త్రవేత్తలు. పొలంలో ఎదురైన వింతను సిఫారసుకు లొంగదీయకుండా, ఉన్నది ఉన్నట్లు పరిశోధనా స్థానానికి చేర్చడం వారి వృత్తిలో ప్రధాన భాగం కావలసి ఉన్నది.