స్టేషన్ మెట్లెక్కే ముందు: తరచూ అడిగే ప్రశ్నలు

2024 జులై 1న ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ స్టేషన్ గుమ్మంలో జనం అడిగేవి పాత ప్రశ్నలే.

1. విజయవాడ బస్టాండులో నగల బ్యాగు పోయింది. ఖమ్మంలో దిగాక చూసుకున్నాను. ఇక్కడ కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ‘మా పరిధి కాదు, అక్కడికే వెళ్లండి’ అని తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ చెబుతోంది. ఖమ్మంలో సున్నా నంబరుతో కేసు కట్టి విజయవాడకు పంపుతారు. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇదే. మీరు నోటితో చెప్పినా సరే, రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీకి పైసా కట్టనక్కర్లేదు.

2. ఫిర్యాదు తీసుకున్నారు, ఎఫ్ఐఆర్ మాత్రం కట్టడం లేదు. ఏం చేయాలి?

పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగల నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 3 నుంచి 7 ఏళ్లలోపు శిక్షపడే నేరాలకు కొత్త చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది: డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చు. అంతకుమించి నాన్చితే ఎస్పీకి పోస్టులో రాయండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయవచ్చు. పోస్టు రసీదు పారేయకండి.

3. నా మీదే కేసు పెట్టారు. వెంటనే అరెస్టు చేస్తారా?

7 ఏళ్ల వరకు శిక్షపడే నేరాల్లో కేసు పెట్టిందే తడవుగా అరెస్టు చేయకూడదు. ఎందుకు అవసరమో కారణాలు రాయాలి. అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. ఇప్పటికీ అందరూ ‘41ఏ నోటీసు’ అనేది దీన్నే. కొత్త చట్టంలో అది 35(3). నోటీసు వస్తే తప్పించుకు తిరగకండి, లాయరుతో మాట్లాడి హాజరవండి. మహిళలను పొద్దుగూకాక, తెల్లవారక ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా తెలిపి, ముందే అనుమతి తీసుకుని మహిళా అధికారే చేయాలి.

4. అరెస్టు చేశాక ఏం అడగాలి?

కారణం అడగండి. అరెస్టు మెమో మీద తేదీ, సమయం ఉండాలి. మీ ఇంటివారో ఊరివారో ఒకరు సాక్షిగా సంతకం పెట్టాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం అడగకూడదు. నేరం చేశానని పోలీసుల ముందు ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు కోర్టులో మీ మీద రుజువుగా చెల్లదు.

5. లాయరుకు డబ్బుల్లేవు. ఎలా?

15100కి ఫోన్ చేయండి. అది జాతీయ న్యాయసేవాధికార సంస్థ నంబరు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా లాయరును ఇస్తారు.

6. రిమాండులో ఎన్నాళ్లు ఉంచుతారు?

కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే, పూచీకత్తు ఇచ్చి బెయిల్ అడగడం మీ హక్కు. విచారణ సాగుతున్నా, గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపినవారిని బెయిల్ మీద వదలాలని బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ చెబుతోంది. గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది ఇంకా తీర్పు రానివారే.

7. నేరాలు పెరిగాయని ఏటా పేపర్లో వస్తుంది. నమ్మొచ్చా?

ఆ లెక్కలు జాతీయ నేర రికార్డుల బ్యూరోవి. అది లెక్కించేది నమోదైన కేసులను. ఫిర్యాదులు సరిగ్గా తీసుకునే జిల్లాలో అంకె పెరుగుతుంది, తిప్పి పంపే చోట తగ్గుతుంది. ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్య, దోపిడీ రెండూ ఉంటే హత్య ఒక్కటే లెక్కకెక్కుతుంది.

8. మరి ఆ లెక్కలతో సామాన్యుడికి ఏం పని?

మూడో ప్రశ్నలో చెప్పిన నోటీసు గట్టిగా అమలు కావడంలో ఆ అంకెలకూ పాత్ర ఉంది. 2012లో భార్యను భర్త, అత్తింటివారు వేధించడంపై ఉన్న ఐపీసీ 498ఏ కింద 1,97,762 మందిని అరెస్టు చేశారు. 93.6 శాతం కేసుల్లో ఛార్జిషీటు పడింది, శిక్ష పడింది 15 శాతంలోనే. 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ అంకెలు చూపించే, యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని పోలీసులను, కళ్లుమూసుకుని రిమాండు ఇవ్వవద్దని మేజిస్ట్రేట్లను హెచ్చరించింది. శిక్ష పడని కేసులన్నీ అబద్ధాలని దీనికి అర్థం కాదు. సాక్షులు అడ్డం తిరుగుతారు, పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు, దర్యాప్తు నీరుగారుతుంది. ఏది ఎంతో తేల్చకుండా చట్టాన్ని మార్చమనడం జబ్బేదో చూడకుండా మందు రాసినట్టే.

అందుకే ఖమ్మం స్టేషన్లో ఆ బ్యాగు సంగతి కాగితం మీద పడేదాకా కుర్చీలోంచి లేవకండి. రాయని ఫిర్యాదు మీ నగల వెంటా పడదు, ఆ ఏడాది లెక్కలోకీ రాదు.