నాము తిన్న బర్రె

వానలు ముఖం చాటేశాయి. చేలో జొన్న మోకాలెత్తున ఆగిపోయింది. ఆకులు వాడిపోయాయి.

"ఇంక ఇది కంకి వేసేది లేదు. బర్రె కడుపన్నా నిండనీ" అంటుంది అత్త. కోడలు తలుగు విప్పుతుంది. పొద్దుటి నుంచి మేత లేని బర్రె ఆవురావురుమని మేస్తుంది. కాసేపటికే తూలుతుంది. నోట నురుగు. రొప్పు. దబ్బున పడి కాళ్ళు కొట్టుకుంటుంది.

"అత్తా! బర్రెకు పాము ముట్టింది!"

పాము కాదు. దిష్టీ కాదు. దీన్ని నాము అంటారు. ఇలాంటిది మీ ఊళ్ళోనూ చూసి ఉంటారు. రోజూ పాలకేంద్రంలో పోసే పాలు, సంఘంలో తెచ్చిన అప్పు, రెండూ ఆ బర్రె మీదే. మంత్రగాడి కోసం పరుగెత్తితే ఉన్న కాస్త సమయం పోతుంది.

లేత జొన్నను పశువు నమిలి మింగితే కడుపులో సైనైడ్ అనే విషం పుడుతుంది. అప్పుడు రక్తంలో ప్రాణవాయువు ఉన్నా ఒళ్ళు దాన్ని వాడుకోలేదు. అందుకే మొదట్లో చిగుళ్ళు, కంటి లోపలి పొర బాగా ఎర్రగా కనిపిస్తాయి. కొన్ని పశువులు నిమిషాల్లోనే చచ్చిపోతాయి. ఆవు, మేక, గొర్రెలకూ ఇదే ముప్పు.

వెంటనే పశువుల డాక్టరుకు కబురు చేయండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. "లేత జొన్న మేసింది" అని మొదటి మాటగా చెప్పండి. డాక్టరు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అనే మందులు నరంలోకి ఎక్కిస్తారు. మోతాదు తప్పితే ఆ మందే ముప్పు. మనం వేయకూడదు. మిగతా పశువులను చేలోంచి బయటికి తోలండి. పడిపోయిన బర్రె నోట్లో మజ్జిగ, నూనె, చింతపండు రసం ఏదీ పోయకండి. అది మింగలేదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జొన్న మొలిచిన నాటి నుంచి పూత వచ్చేదాకా ఈ విషం ఉంటుంది. నీళ్ళు లేక గిడసబారిన పైరులో మరీ ఎక్కువ. యూరియా ఎక్కువ వేసినా పెరుగుతుంది. కోత అయ్యాక మోళ్ళకు వచ్చే పిలకలున్నాయే, వాటితో ఇంకా జాగ్రత్త. వాన పడగానే అవి పచ్చగా, ముద్దుగా కనిపిస్తాయి. మనకే తోలాలనిపిస్తుంది, ఇక పశువు సంగతి చెప్పాలా!

పచ్చి జొన్న పూతకు వచ్చాకే కోసి వేయండి. ముందే కోయాల్సి వస్తే బాగా ఎండబెట్టండి. ఎండితే విషం చాలావరకు పోతుంది. బాగా ఎండిన చొప్ప ఎప్పటిలాగే వేసుకోవచ్చు. ఆకలి మీదున్న పశువును మాత్రం పచ్చి జొన్న వైపు వదలొద్దు. ముందు కాస్త ఎండుగడ్డి వేయండి.

బర్రెను తోలుకుపోయేది పిల్లవాడైతే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి ఆ చేను చూపించండి.

మాట్లాడుకోండి:
మీ ఊరికి పశువుల ఆసుపత్రి ఎంత దూరం?
ఇప్పుడు మీ చుట్టుపక్కల ఏ చేలో లేత జొన్న ఉంది?