రాస్టర్ పొరల అధ్యారోపణ: పశ్చిమ ప్రకాశం ఉదాహరణలతో

నల్లమల, వెలికొండ శ్రేణుల నడుమ విస్తరించిన గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలలో వర్షాధార వ్యవసాయమే అధికం. ఈ ప్రాంతపు ఉపగ్రహ చిత్రాలు, వర్షపాత అంచనాలు, భూమి ఎత్తు వివరాలు నేడు ఉచితంగా లభిస్తున్నవి. క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌లో వీటిని ఒకదానిపై ఒకటి పరచుట విద్యార్థికి కష్టమేమీ కాదు. కాని తెరపై రెండు పొరలు కలిసి కనిపించుట వేరు, వాటి ఆధారంగా ఒక గ్రామపు కంది రైతుకు సలహా ఇవ్వగలుగుట వేరు.

రాస్టర్ అనగా గళ్ళుగా విభజించిన పటం. ప్రతి గడికి ఒకే విలువ ఉంటుంది. సెంటినెల్-2 చిత్రంలో గడి వైశాల్యం 10 మీటర్ల చదరం. 1981 నుండి లభించే చిర్ప్స్ వర్షపాత అంచనాలలో గడి పరిమాణం 0.05 డిగ్రీలు, అనగా భుజం సుమారు ఐదున్నర కిలోమీటర్లు. అటువంటి ఒక్క గడి దాదాపు 3,000 హెక్టార్లను ఆవరిస్తుంది. అందులో సెంటినెల్ గళ్ళు సుమారు 3 లక్షలు ఇముడుతాయి. కొండవాలు అడవి, మెట్ట కంది, చెరువు కింది ఆయకట్టు మూడూ ఆ ఒక్క గడిలోనే ఉండవచ్చు. వర్షపాత పొరను సగం పారదర్శకంగా చేసి సెంటినెల్ చిత్రంపై పరచినచో, ప్రతి పొలానికి విడిగా వర్షం కొలిచినట్లు భ్రమ కలుగుతుంది. ప్రదర్శనలో గళ్ళ అంచులను నునుపు చేసినచో ఈ భ్రమ మరింత బలపడుతుంది. గళ్ళు గళ్ళుగా కనిపించే పటం అందంగా ఉండదు. అయినను విస్తరణ సమావేశాలలో దానినే చూపవలెనని నా అభిప్రాయం.

రాస్టర్ కాలిక్యులేటర్‌లోనూ ఇదే చిక్కు. వర్షపాతాన్ని 10 మీటర్ల గళ్ళుగా మార్చినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు. పచ్చదనపు సూచికనే పెద్ద గళ్ళకు సగటు చేసి పోల్చుట సమంజసం. గ్రామస్థాయి నిర్ణయానికి సమీప వర్షమాపకపు నమోదే ఆధారం.

రంగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఆ పొరలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను తీసుకొని వాటి మధ్య రంగులను సర్దుతుంది. కరవు సంవత్సరపు పచ్చదనాన్ని, మంచి సంవత్సరపు పచ్చదనాన్ని రెండు పొరలుగా తెరచినప్పుడు, దేని హద్దులు దానివే కనుక రెండూ ఒకే విధంగా పచ్చగా కనిపించవచ్చు. పంటనష్టం చర్చకు వచ్చినచోట అటువంటి పటం రైతుకు అన్యాయం చేస్తుంది. రెండు పొరలకు ఒకే కనిష్ఠ, గరిష్ఠాలను స్వయంగా నిర్ణయించి, రంగుల సూచికను పటంపై ముద్రించవలెను. సమాచారం లేని గళ్ళకు -9999 వంటి సంకేతం ఉన్నప్పుడు దానిని ముందే ప్రకటించనిచో, అది కనిష్ఠ విలువగా చేరి రంగులన్నిటిని చెడగొడుతుంది.

అక్షాంశ రేఖాంశాలలోని ఎత్తు పటం నుండి నేరుగా వాలు లెక్కించరాదు. అడ్డు కొలత డిగ్రీలలో, నిలువు కొలత మీటర్లలో ఉండుటయే కారణం. ఈ ప్రాంతం 78, 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్నందున యూటీఎం 44 ఉత్తర మండలానికి మార్చుకొనవలెను. ఈ మార్పులో ఎత్తు వంటి అవిచ్ఛిన్న విలువలకు ద్విరేఖీయ పద్ధతి సరిపోతుంది. భూవినియోగ సంకేతాలకు మాత్రం సమీపతమ గడి పద్ధతి తప్పనిసరి. కందికి 2, అడవికి 6, చెరువుకు 4 అని సంకేతాలున్నచో, సగటు తీయు పద్ధతి కందికి అడవికి నడుమ లేని చెరువును సృష్టిస్తుంది!

ఉన్న చెరువు విషయంలోనూ పరిమితులున్నవి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుండి రాడార్‌తో సేకరించిన ఎస్ఆర్‌టీఎం ఎత్తు పటంలో నీటి ఉపరితలమే నమోదైనది, అడుగు కాదు. కనుక గుండ్లకమ్మపై ఉన్న కంభం చెరువు నిల్వ సామర్థ్యాన్ని దాని నుండి లెక్కించుట సాధ్యం కాదు. చెరువులు ఎండిన ఏడాది వాటి గర్భంలో కనిపించే పచ్చదనం పంటది కాక సర్కారు తుమ్మది కావచ్చు. అటువంటి గళ్ళను జీపీఎస్ సహాయంతో క్షేత్రంలో చూసి, గుర్తించి, పంట విస్తీర్ణపు లెక్క నుండి తొలగించిన తరువాతనే వర్షపాత పొరతో పోల్చవలెను.