కోస్తా తీరంలో కోత నివారణ: భూదృశ్య రూపకల్పన దృష్టితో ఒక పరిశీలన

“సముద్రపు కోతకు నివారణ ఏమి?” అని తరగతిలో అడిగినప్పుడు విద్యార్థులు సాధారణంగా ఇచ్చే సమాధానం ఒక్కటే: సరుగుడు నాటాలి. ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు. అయితే అది గాలికి చెప్పిన సమాధానమే గాని అలకు చెప్పినది కాదు. సరుగుడు తోపు గాలి వేగాన్ని తగ్గిస్తుంది, ఎగిరే ఇసుకను నిలుపుతుంది. కాని వేళ్ల క్రింది ఇసుకను అల లాగివేస్తే ముందుగా ఒరిగిపోయేది ఆ చెట్టే. ఏ మొక్క ఏ శక్తికి ఎదురు నిలువగలదో, ఏ స్థానంలో నిలువగలదో తెలుసుకొని తీరాన్ని తీర్చిదిద్దడమే తీర భూదృశ్య రూపకల్పన. నది, తీరపు ఇసుక, దిబ్బ, మడ అడవి, పొలం, గ్రామం అనే వాటిని వేర్వేరు విషయాలుగా కాక ఒకే వ్యవస్థగా చూడడం దీని మూలసూత్రం.

ఇసుక జమా ఖర్చు

ఆంధ్ర తీరంలో అధిక భాగం నదులు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినదే. నైరుతి ఋతుపవన కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తర, ఈశాన్య దిశలకు నడిపిస్తాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో ఈ కదలిక తిరగబడుతుంది. సంవత్సరం మొత్తం మీద లెక్కించినప్పుడు ఉత్తరపు కదలికే ఎక్కువ. ఈ ప్రవాహంలో ఒకచోట రాబడి తగ్గినా, దారిలో అడ్డుపడినా, దాని దిగువ తీరం కోతకు గురవుతుంది.

రాబడి ఎందుకు తగ్గిందో గోదావరి చెబుతుంది. పోలవరం వద్ద నది మోసిన ఒండ్రు 1970 దశకంలో సంవత్సరానికి సగటున సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా, 1990 దశకంలో 6 కోట్ల టన్నుల లోపునకు పడిపోయినట్లు ప్రచురిత పరిశోధనలు తెలుపుతున్నాయి. మిగిలినది ఎగువ జలాశయాలలో నిలిచిపోతున్నది. దారిలో అడ్డు ఏర్పడితే ఏమి జరుగుతుందో విశాఖపట్నంలో చూడవచ్చు. అక్కడ ఓడరేవు అలనిరోధక గోడలు ఇసుక ప్రయాణాన్ని ఆపినందున, పూడిక తీసిన ఇసుకను ఉత్తరపు బీచికి తిరిగి చేర్చవలసి వస్తున్నది.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరం మరొక పాఠం. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఉత్తరానికి పెరుగుతూ కాకినాడ అఖాతానికి రక్షణ కల్పించింది. అదే పెరుగుదల అలల దిశను, ఇసుక పంపకాన్ని మార్చినందున ఉప్పాడ వైపు కోత పెరిగినదని పరిశోధకులు వివరిస్తున్నారు. ఇసుక నింపిన జియోట్యూబుల గోడ, రాళ్ల కట్టలు నిర్మించినప్పటికీ తుపానుల కాలంలో అక్కడి రోడ్డు, ఇండ్లు దెబ్బతింటూనే ఉన్నాయి. గోడ తన వెనుక నేలను కొంతకాలం కాపాడగలదు, కాని ఇసుకను సృష్టించలేదు. గోడను తాకి వెనుదిరిగిన అల దాని పాదం వద్ద ఇసుకను తోడివేస్తుంది. గోడ ముగిసిన చోట కోత ప్రక్క గ్రామానికి జరుగుతుంది.

సముద్రం నుండి పొలం వరకు వరుసలు

ఇసుక తీరంలో మొదటి వరుస తీగలది, గడ్డిది. బాలబంద తీగ, రావణాసురుని మీసాలు ఇసుకలో పూడినకొద్దీ పైకి పెరుగుతూ ముందు దిబ్బను నిర్మిస్తాయి. తుపాను అల ఆ దిబ్బను కోసినప్పుడు అందులోని ఇసుక తీరానికి చేరి అల శక్తిని తగ్గిస్తుంది. గాలి దానిని క్రమంగా తిరిగి దిబ్బకు చేరుస్తుంది. అందువలన దిబ్బ కోసుకొనిపోవడం దాని వైఫల్యం కాదు, దాని పనియే అది. ఈ వరుసలో సరుగుడు నాటరాదు. రాలిన సరుగుడు ఆకు క్రింద తీగలు ఎదగవు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కూడా తగ్గిపోతుంది.

రెండవ వరుసలో, దిబ్బ వెనుక, మొగలి, తాడి, పొన్న, కానుగ వంటివి ఉండాలి. మూడవ వరుసలో సరుగుడు, జీడిమామిడి తోటలను గాలి నిరోధక వరుసలుగా పెంచవచ్చు. గాలిని పూర్తిగా అడ్డుకొనే దట్టమైన తోపు వెనుక సుడులు ఏర్పడతాయి. కొంత గాలిని పోనిచ్చే తోపు తన ఎత్తుకు సుమారు 10 నుండి 15 రెట్ల దూరం వరకు పైరును కాపాడుతుంది. నాలుగైదు సంవత్సరాలకు తోటనంతటినీ ఒకేసారి నరికితే ఆ సంవత్సరపు తుపానుకు రక్షణ ఉండదు. కనుక పట్టీలుగా విభజించి, ఒక పట్టీ తరువాత మరొక పట్టీని నరకాలి.

నదీముఖాలలో, బురద నేలలలో ఈ క్రమం వర్తించదు. అక్కడ మడ అడవులే రక్షణ. నేలమట్టం, ఆటుపోటు నీటి రాకపోకలు సరిగా లేని చోట మడ మొక్కలు నాటినా బ్రతకవు. గోదావరి, కృష్ణా మడ నేలలలో చేపముల్లు ఆకారంలో చిన్న కాలువలు త్రవ్వి, ఆటుపోటు నీటిని లోపలికి అందించిన తరువాతనే క్షీణించిన అడవిని పునరుద్ధరించగలిగారు. మొక్క కంటె ముందు నీటి దారిని సరిచేయాలన్నది ఇక్కడి పాఠం.

దిబ్బ రైతు నీటి తొట్టి

బాపట్ల పరిసర ఇసుక నేలలలో రైతులు దొరువులు త్రవ్వి వేరుశనగకు, నారుమడులకు నీరు పెట్టడం మనకు తెలిసినదే. ఉప్పునీటిపై తేలియాడే పలుచని మంచినీటి పొరయే దొరువుకు ఆధారం. సిద్ధాంతరీత్యా సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, దాని క్రింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు నిలువగలదు. ఇసుక కోసం దిబ్బను తవ్వినా, చెరువుల కోసం చదును చేసినా పై మట్టం తగ్గుతుంది, ఆ నష్టం క్రింద అనేక రెట్లుగా పడుతుంది. తీర గ్రామంలో రైతు ముందుగా గుర్తించేది సముద్రం ముందుకు రావడం కాదు, దొరువు నీరు ఉప్పెక్కడం. 2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను, మడ అడవులను అత్యంత సున్నితమైన వర్గంలో చేర్చినది. విస్తరణ కార్యక్రమాలలో ఈ విషయాన్ని రైతులకు నీటి భాషలో చెప్పడం ఉపయుక్తం.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. సిఫారసుకు ముందు ఇసుక ఎటు నుండి వస్తున్నది, ఎక్కడ ఆగుతున్నది అనే ప్రశ్నకు సమాధానం వెదకాలి. కనీసం రెండు ఋతువులలో తీరరేఖను గుర్తించాలి.

2. సముద్రం నుండి పొలం వరకు అడ్డుకోత పటం గీసి, ప్రతి వరుసలో నేల ఎత్తు, లవణీయత, ఉన్న మొక్కలు నమోదు చేయాలి.

3. పడవలు లాగే దారులు, వలలు ఆరబెట్టే స్థలాలు మత్స్యకారులతో కలిసి నిర్ణయించాలి. వారి దారిని మూసివేసిన తోట నిలువదు.

4. ఇసుక రాబడి పూర్తిగా తెగిపోయిన చోట మొక్కలతో కోత ఆగునని హామీ ఇవ్వరాదు. అక్కడ ఇసుకను తిరిగి చేర్చడం, ఇండ్లను క్రమంగా వెనుకకు జరపడం వంటి మార్గాలను గ్రామస్థుల ముందు ఉంచాలి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూసిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. తుపాను తరువాత మొక్కలు పంచడం సులభమైన పని. తుపానుకు ముందే, గ్రామం పక్కనున్న దిబ్బను తవ్వకుండా నిలుపుకొనడం కష్టమైన పని. మన సిఫారసు విలువను నిర్ణయించేది ఆ రెండవదే.