కట్లు విప్పవలసింది మనమే

ధ్యానమునకు: యోహాను సువార్త 11వ అధ్యాయము



చనిపోయి నాలుగు దినములైన లాజరును ప్రభువు పేరు పెట్టి పిలిచి లేపారు. కాని సమాధి రాయి తీసే పని, అతని కట్లు విప్పే పని చుట్టూ ఉన్నవారికే అప్పగించారు. బ్రతికించేది దేవుడు. బ్రతికినవారిని మళ్ళీ తమలో చేర్చుకొనవలసింది ఇంటివారు. పునరుత్థాన విశ్వాసము ఈస్టరు ఆరాధనతో ముగిసిపోదు.

ఊరు వెలివేసిన కుష్ఠు రోగుల కొరకు డాక్టర్ ఇసబెల్ కెర్ గారు 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి నెలకొల్పారు. అది కట్లు విప్పే పనే.

మన సిరిసిల్లలో సాంచాలు నడిపే ఒకాయన టి.బి. మందులకు వచ్చి నాతో అన్నాడు: "మందులు తింటున్న సిస్టర్. కాని ఇంట్ల నన్ను సచ్చినోని లెక్కనే చూస్తున్నరు."

కనుక ఇవి తెలుసుకోండి:

1. పళ్ళెము, గ్లాసు, బట్టల వలన టి.బి. అంటదు. దగ్గు, తుమ్ము ద్వారా గాలిలో వ్యాపిస్తుంది. కిటికీలు తెరవండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి.

2. సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే వ్యాధి అంటించే గుణం చాలా తగ్గుతుంది.

3. సాధారణ టి.బి.కి మందులు 6 నెలలు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. దగ్గు తగ్గిందని మధ్యలో మానితే మందులకు లొంగని టి.బి.గా మారవచ్చు.

4. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చిన్నపిల్లలకు, పరీక్ష చేయించండి.

డాక్టరు గారిని అడిగి, ఆయన పళ్ళెమును మళ్ళీ మీ వరుసలో పెట్టండి. మన ప్రభువు సజీవుడని మీ ఇల్లే సాక్ష్యమిస్తుంది.